ఇరవై తొమ్మిది దాకా ఆగిన యూక్లిడ్

రూళ్ల కాగితం మీద రెండు రూళ్లను కోస్తూ స్కేలుతో ఒక ఏటవాలు గీత గీస్తే ఎనిమిది కోణాలు వస్తాయి. పై రూలు దగ్గర నాలుగు, కింది రూలు దగ్గర నాలుగు. ఒక్కటి కొలిస్తే చాలు, మిగతా ఏడూ తెలిసిపోతాయి. అది 70 డిగ్రీలైతే మిగిలినవన్నీ 70 గానీ 110 గానీ అవుతాయి, మూడో సంఖ్యకు అక్కడ చోటు లేదు. హైస్కూల్లో ఈ సంగతి మనకు పేర్ల పట్టికగా అందుతుంది. శీర్షాభిముఖ కోణాలు సమానం. అనురూప కోణాలు సమానం. ఏకాంతర కోణాలు సమానం. తిర్యగ్రేఖకు ఒకే వైపున్న అంతర కోణాల మొత్తం 180 డిగ్రీలు. పేరు గుర్తుపడతాం, సమీకరణం రాస్తాం, ఎక్స్ విలువ తేలుస్తాం, మార్కులు వస్తాయి. నాలుగు వాక్యాలూ ఒకే జాతి వాక్యాల్లా మనసులో ఉండిపోతాయి.

నిజానికి మొదటిదానికీ మిగతా మూడింటికీ మధ్య పెద్ద అగాధం ఉంది. మొదటిదాన్ని రుజువు చేయడానికి దాదాపు ఏమీ అక్కర్లేదు. మిగిలిన మూడింటికీ మాత్రం, ఇతర స్వీకృతాల నుంచి రాబట్టడానికి వీల్లేని ఒక మాటను ముందుగా ఒప్పుకొని తీరాలి. ఆ తేడా కళ్లకు కనబడేలా పుస్తకాన్ని అమర్చినవాడు యూక్లిడ్. నాకు ఆ అమరిక ముందు చేతులు జోడించాలనిపిస్తుంది. ఎందుకో కొంచెం దగ్గరగా చూపిస్తాను.

యూక్లిడ్ గ్రీకులో రాసిన ‘ఎలిమెంట్స్’ సుమారు క్రీ.పూ. 300 నాటిది. ఊరు అలెగ్జాండ్రియా. మొత్తం 13 పుస్తకాలు. అది అరబ్బీలోకి, లాటిన్‌లోకి వెళ్లింది. 18వ శతాబ్దంలో జైపూర్ రాజు సవాయి జయసింహుడి ఆస్థానంలో జగన్నాథ సమ్రాట్టు అరబ్బీ నుంచి దాన్ని ‘రేఖాగణితం’ పేరుతో సంస్కృతంలోకి తెచ్చాడు. మనకు కావలసిన కోణాలన్నీ మొదటి పుస్తకంలోనే ఉన్నాయి. అందులో 23 నిర్వచనాలు, 5 స్వీకృతాలు, 5 సామాన్య భావనలు, 48 సిద్ధాంతాలు.

ఆ పుస్తకంలో డిగ్రీ అన్న మాట లేదు, కోణమాపకమూ లేదు. కోణాన్ని పోల్చి చూసుకోవడానికి ఉన్న ఒకే ఒక ప్రమాణం లంబకోణం. దాన్నైనా సంఖ్యతో చెప్పలేదు. ఒక గీత మీద మరో గీత నిలబడి, తనకు రెండు వైపులా సమానమైన కోణాలు చేస్తే ఒక్కొక్కటీ లంబకోణం. అంతే నిర్వచనం. జాగ్రత్తగా చదివేవాళ్లకు ఇక్కడ ఒక సందేహం రావాలి. ఈ కాగితం మీది లంబకోణమూ, ఆ గోడ మీది లంబకోణమూ ఒకదానికొకటి సమానమని ఎవరు చెప్పారు? నిర్వచనం ఆ హామీ ఇవ్వదు. ఏ చోటికి ఆ చోట, పక్కపక్కనున్న రెండూ సమానమని మాత్రమే చెబుతుంది. అందుకే నాలుగో స్వీకృతం వచ్చింది: లంబకోణాలన్నీ పరస్పరం సమానం. చిన్నప్పుడు చదివితే, ఇది కూడా చెప్పాలా అనిపించే వాక్యం. అది లేకపోతే ‘రెండు లంబకోణాలు’ అనే మొత్తానికి విలువే ఉండదు. ఒక చోటి రెండు లంబకోణాల్ని ఇంకో చోటి రెండు లంబకోణాలతో సరిపోల్చే హక్కు మనకు రాదు.

ఆ హక్కు అవసరం పడేది 13, 15 సిద్ధాంతాల్లో. ఒక సరళరేఖ మీద మరో రేఖ ఎటు వాలి నిలబడినా, దాని రెండు వైపుల కోణాలూ కలిపితే రెండు లంబకోణాలు. ఇది 13వది. మన పుస్తకాల్లో రేఖీయ ద్వయం అంటున్నది దీన్నే. దీని విపర్యయం 14వది. ఇక 15వది శీర్షాభిముఖ కోణాల సంగతి. ఇంటూ గుర్తులా రెండు గీతలు ఖండించుకున్నాయనుకోండి. పైన ఒక కోణం, కుడివైపు ఒకటి, కింద ఒకటి, ఎడమవైపు ఒకటి. పై కోణమూ కుడి కోణమూ ఒక గీత వెంట పక్కపక్కన ఉన్నాయి, కాబట్టి రెండూ కలిపి రెండు లంబకోణాలు. కుడి కోణమూ కింది కోణమూ రెండో గీత వెంట పక్కపక్కన ఉన్నాయి, అవీ రెండు లంబకోణాలు. మొత్తాలు రెండూ సమానం. రెండింటిలోనూ ఉన్న కుడి కోణాన్ని తీసేస్తే మిగిలేవి పై కోణం, కింది కోణం. సమానమైన వాటి నుంచి సమానమైనది తీసేస్తే మిగిలేవి సమానం కాబట్టి ఆ రెండూ సమానం.

దీన్ని చూస్తే ఎవరికైనా, రుజువు ఎందుకు, కంటికి కనబడుతూనే ఉందిగా అనిపిస్తుంది. క్రీ.శ. 5వ శతాబ్దంలో మొదటి పుస్తకానికి వ్యాఖ్యానం రాసిన ప్రోక్లస్, అంతకు చాలా ముందటి చరిత్రకారుడు యుడీమస్ చెప్పిన మాటగా ఒక విషయం రాశాడు. శీర్షాభిముఖ కోణాలు సమానమని మొదట కనిపెట్టింది థేలీస్ అట, దానికి శాస్త్రీయమైన రుజువు కావాలని తోచింది మాత్రం యూక్లిడ్‌కట. రెండు పనులకూ రెండు రకాల చూపు కావాలి. సత్యాన్ని చూడటం ఒకటి, అది దేని మీద నిలబడి ఉందో చూడటం మరొకటి. పై రుజువు దేని మీద నిలబడిందో చూడండి: నాలుగో స్వీకృతం, రెండు సామాన్య భావనలు, 13వ సిద్ధాంతం. సమాంతర రేఖల ప్రసక్తే లేదు.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. ఒకే తలంలో ఉండి, రెండు వైపులా ఎంత పొడిగించినా కలుసుకోని సరళరేఖలు సమాంతర రేఖలు. యూక్లిడ్ ఇచ్చిన చివరి నిర్వచనం, 23వది, ఇదే. ఇందులో కోణం లేదు, దూరం లేదు. ‘ఎంత పొడిగించినా’ అన్నది మాత్రం ఉంది. ఎంతసేపు పొడిగించి చూసినా, ఇంకొంచెం ముందుకెళ్తే కలుస్తాయేమోనన్న అనుమానం తీరదు. చూసి తేల్చలేని ఇలాంటి విషయాన్ని దగ్గరున్న కోణాలతో తేల్చాలి. తిర్యగ్రేఖ వచ్చేది అందుకే. అనంతంలో జరిగేదాన్ని అరచేతిలోని రెండు కోణాల మీదికి దించుకోవడం దాని పని.

యూక్లిడ్ దానికి వేసిన పునాది 16వ సిద్ధాంతం. త్రిభుజంలో ఒక భుజాన్ని బయటికి పొడిగిస్తే వచ్చే బాహ్యకోణం, దాని అంతరాభిముఖ కోణాలు రెండింటిలో ఏ ఒక్కదానికన్నా కూడా పెద్దది. రుజువులోని నిర్మాణం చూడముచ్చటగా ఉంటుంది. త్రిభుజం పీఠాన్ని కుడివైపు పొడిగించారనుకోండి. కుడివైపు వాలు భుజానికి మధ్యబిందువు తీసుకోవాలి. పీఠం ఎడమ మూల నుంచి ఆ మధ్యబిందువు దాకా గీత గీసి, అంతే పొడవు అవతలికి సాగదీయాలి. ఆ కొసను పీఠం కుడి మూలకు కలపాలి. మధ్యబిందువు దగ్గర రెండు చిన్న త్రిభుజాలు ఎదురెదురుగా ఏర్పడతాయి. వాటి శీర్షాభిముఖ కోణాలు సమానం, అటూ ఇటూ ఉన్న భుజాలు సమానం, కాబట్టి అవి సర్వసమానం. దాంతో త్రిభుజం పైకొన కోణానికి అచ్చంగా సరిపోయే కోణమొకటి బాహ్యకోణం లోపల వచ్చి కూర్చుంటుంది. లోపల ఇమిడినది ఎప్పుడూ మొత్తం కన్నా చిన్నదే. ఇందాక మరీ తేలిగ్గా అనిపించిన 15వ సిద్ధాంతం ఇక్కడ కీలుగా పనిచేసింది.

ఈ రుజువులో ఒక అతుకు ఉంది, దాన్ని చెప్పకుండా మెచ్చుకోవడం సరికాదు. సాగదీసిన గీత కొస బాహ్యకోణం లోపలే పడుతుందని యూక్లిడ్ బొమ్మ చూసి ఒప్పుకున్నాడు, రుజువు చేయలేదు. గ్లోబు మీద అయితే అది కుదరదు. భూమధ్యరేఖ నుంచి ధ్రువానికి వెళ్లే రెండు రేఖాంశాలు తీసుకుంటే, పీఠం దగ్గర రెండు కోణాలూ లంబకోణాలే. బాహ్యకోణం కూడా లంబకోణమే, అంటే అంతరాభిముఖ కోణంతో సమానం, పెద్దది కాదు. సరళరేఖను హద్దు లేకుండా సాగదీయవచ్చునన్న నమ్మకం ఈ సిద్ధాంతం లోపల చెప్పకుండా దాగి ఉంది. దీన్ని తరవాతివాళ్లు గుర్తించి సరిచేశారు. సమతలం మీద ఆ అతుకు గట్టిగానే నిలుస్తుంది.

16 చేతికొచ్చాక 27 దానంతటదే వస్తుంది. రెండు రేఖల్ని ఒక తిర్యగ్రేఖ ఖండించి, ఏకాంతర కోణాలు సమానంగా చేస్తే ఆ రేఖలు సమాంతరాలు. ఎందుకు? కాకపోతే ఏదో ఒక వైపున కలవాలి. కలిస్తే త్రిభుజం ఏర్పడుతుంది. అప్పుడు ఏకాంతర కోణాల్లో ఒకటి దానికి బాహ్యకోణం, రెండోది అంతరాభిముఖ కోణం. 16 ప్రకారం మొదటిది పెద్దదై ఉండాలి. మనమేమో సమానమన్నాం. కాబట్టి ఆ వైపు కలవవు. రెండో వైపూ ఇదే మాట. నాలుగు వాక్యాల్లో అనంతం సంగతి తేలిపోయింది. 28వ సిద్ధాంతం దీన్నే ఇంకో రెండు రూపాల్లో చెబుతుంది: అనురూప కోణాలు సమానమైనా, ఒకే వైపు అంతర కోణాల మొత్తం రెండు లంబకోణాలైనా రేఖలు సమాంతరాలే.

జామెట్రీ బాక్సులోని మూలమట్టాన్ని స్కేలుకు ఆనించి, కిందికి జరిపి, మళ్లీ గీత గీస్తామే, అప్పుడు మనం చేస్తున్నది 28వ సిద్ధాంతం. స్కేలు తిర్యగ్రేఖ. మూలమట్టం మూల మారదు కాబట్టి అనురూప కోణాలు సమానం. అందుకే గీతలు సమాంతరం.

ఇంతవరకు 28 సిద్ధాంతాలు అయ్యాయి. ఐదో స్వీకృతం పుస్తకం మొదట్లోనే రాసి ఉంది, ఇప్పటిదాకా దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. మిగతా నాలుగు స్వీకృతాలూ ఒక్కో ముక్కలో అయిపోతే అది మాత్రం పొడుగ్గా ఉంటుంది. దాని సారాంశం ఇది: రెండు రేఖల్ని ఒక రేఖ ఖండించి, ఒక వైపు అంతర కోణాల మొత్తం రెండు లంబకోణాల కన్నా తక్కువైతే, ఆ రేఖల్ని పొడిగించినప్పుడు అవి ఆ వైపే కలుస్తాయి. దీని విపర్యయాన్ని యూక్లిడ్ 17వ సిద్ధాంతంగా రుజువు చేశాడు. త్రిభుజంలో ఏ రెండు కోణాలు కలిపినా రెండు లంబకోణాల కన్నా తక్కువే, అంటే కలిసే రేఖలు తప్పకుండా అలా వాలి ఉంటాయి. అలా వాలినవి తప్పకుండా కలుస్తాయా అన్నదానికి మాత్రం రుజువు దొరకలేదు. కాబట్టి స్వీకృతంగా పెట్టాడు. చేతిలో ఉన్నదాంతో నెలాఖరు దాకా నెట్టుకొచ్చి, ఇక తప్పదన్నప్పుడే, ఎంత కావాలో అంతే అప్పు అడిగే ఇంటి పెద్దలా ఆ స్వీకృతాన్ని ఆయన 28 సిద్ధాంతాల పాటు ముట్టుకోలేదు.

అంతకు ముందటివాళ్లు ఇక్కడ తడబడ్డారని చెప్పడానికి ఆధారం ఉంది. సమాంతర రేఖలు గీస్తున్నామనుకునేవాళ్లు, ఆ రేఖలు లేనిదే రుజువు కాని వాటిని తెలియకుండా ముందే ఒప్పుకుంటున్నారని అరిస్టాటిల్ తర్కగ్రంథంలో ఒక విమర్శ ఉంది. గుండ్రంగా తిరిగే ఆ వాదాన్ని ఆపాలంటే ఎక్కడో ఒక చోట, ఇది నేను అడిగి పుచ్చుకుంటున్నాను, రుజువు చేయడం లేదు అని బాహాటంగా రాయాలి. యూక్లిడ్ రాశాడు.

ఐదో స్వీకృతాన్ని ఆయన మొదట వాడిన చోటు 29. ఇది 27, 28ల విపర్యయం: రేఖలు సమాంతరాలైతే ఏకాంతర కోణాలు సమానం, అనురూప కోణాలు సమానం, ఒకే వైపు అంతర కోణాలు కలిపి రెండు లంబకోణాలు. మళ్లీ రూళ్ల కాగితం తీసుకోండి. పై రూలుకు కింద, ఏటవాలు గీతకు ఎడమన ఒక కోణం. కింది రూలుకు పైన, ఏటవాలు గీతకు కుడిన ఇంకో కోణం. ఇవి ఏకాంతర కోణాలు. ఇవి సమానం కావని, మొదటిది పెద్దదని అనుకుందాం. పై రూలుకు కింద కుడివైపు ఉన్న కోణాన్ని రెండింటికీ కలుపుదాం. మొదటి మొత్తం ఒక సరళరేఖ మీద పక్కపక్క కోణాలు కాబట్టి రెండు లంబకోణాలు. రెండో మొత్తం అంతకన్నా తక్కువ. ఆ రెండో మొత్తంలో ఉన్నవి ఏవి? కుడివైపు అంతర కోణాలు రెండూ. ఐదో స్వీకృతం సరిగ్గా ఈ పరిస్థితి గురించే మాట్లాడుతుంది: రేఖలు కుడివైపు కలవాలి. సమాంతరాలు కలవవు. కాబట్టి కోణాలు సమానమే. తక్కిన రెండు భాగాలూ 15, 13లతో వెంటనే పూర్తవుతాయి.

స్వీకృతం మాటలకూ, రుజువులో పుట్టిన పరిస్థితికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఒకే వైపు, అంతర కోణాలు, రెండు లంబకోణాల కన్నా తక్కువ. ఆ పొడుగు వాక్యం అంత పొడుగ్గా ఎందుకుందో ఇక్కడికొచ్చాకే తెలుస్తుంది. దానికి బదులుగా, ఒక బిందువు గుండా ఒక రేఖకు ఒకే సమాంతర రేఖ ఉంటుందన్న పొట్టి రూపం 1795లో జాన్ ప్లేఫేర్ పుస్తకం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అది గుర్తుపెట్టుకోవడానికి తేలిక. నాకు మాత్రం యూక్లిడ్ రాసినదే నచ్చుతుంది. కలుస్తాయని చెప్పడమే కాక, ఏ వైపు కలుస్తాయో కూడా అది చెబుతుంది, అదీ అక్కడికక్కడ రెండు కోణాలు చూసి.

మన బడి పుస్తకాల్లో అనురూప కోణాల సమానత్వాన్నే స్వీకృతంగా ఇచ్చి, దాని విపర్యయాన్ని కూడా ఇంకో స్వీకృతంగా పక్కన పెట్టే పద్ధతి చాలాకాలం నడిచింది. పద్నాలుగేళ్ల పిల్లలకు భారం తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ 27, 28లు ఉచితంగా వస్తాయనీ, 29కే ఖరీదు కట్టాలనీ చెప్పకపోతే, సమాంతరమైతే సమానం, సమానమైతే సమాంతరం అన్న రెండు వాక్యాలూ పిల్లలకు ఒకటే అయిపోతాయి. విపర్యయం అంటే ఏమిటో నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం గణితంలో దొరకడం కష్టం. ఒక్క పీరియడ్ కేటాయించి ఈ రెండు రుజువుల్నీ బోర్డు మీద పక్కపక్కన వేస్తే చాలు.

29 ఫలితం 32వ సిద్ధాంతంలో చూడాలి. త్రిభుజం పీఠాన్ని పొడిగించి, ఆ మూల గుండా ఎదుటి భుజానికి సమాంతర రేఖ గీస్తే బాహ్యకోణం రెండు ముక్కలవుతుంది. ఒకటి పైకొన కోణానికి ఏకాంతరం, రెండోది అవతలి మూల కోణానికి అనురూపం. రెండూ వచ్చి మూడోదాని పక్కన ఒకే గీత మీద వరసగా సర్దుకుంటాయి. మూడు కోణాల మొత్తం రెండు లంబకోణాలు. 16లో ‘పెద్దది’ అని మాత్రమే చెప్పగలిగిన బాహ్యకోణం గురించి ఇప్పుడు సరిగ్గా ఎంతో చెప్పగలుగుతున్నాం: అంతరాభిముఖ కోణాలు రెండింటి మొత్తం. 16 నుంచి 32 దాకా వచ్చిన ఈ లాభమంతా ఐదో స్వీకృతానిదే.

అదే అలెగ్జాండ్రియాలో, క్రీ.పూ. 3వ శతాబ్దంలో, ఎరటోస్తనీస్ ఏకాంతర కోణాలతో భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. ఆ పద్ధతిని మనకు వివరంగా చెప్పిన క్లియోమెడీస్, సమాంతర రేఖల్ని ఖండించే రేఖ ఏకాంతర కోణాల్ని సమానంగా చేస్తుందన్న సంగతిని ముందుగా పేర్కొని మరీ లెక్క మొదలుపెడతాడు. వేసవిలో అత్యంత పొడుగైన పగటి మధ్యాహ్నం, దక్షిణాన ఉన్న సైనీ పట్టణంలో నిలువు కర్రకు నీడ పడదు. అదే వేళ అలెగ్జాండ్రియాలో పడుతుంది. ఆ నీడ చేసే కోణం వృత్తంలో 50వ వంతు. సూర్యకిరణాలు సమాంతరాలు. రెండు ఊళ్ల నిలువు కర్రల్నీ లోపలికి పొడిగిస్తే భూమి మధ్యలో కలుస్తాయి. అలెగ్జాండ్రియా కర్ర ఇక్కడ తిర్యగ్రేఖ. కర్ర కొన దగ్గర నీడ చేసే కోణం, భూకేంద్రం దగ్గర రెండు ఊళ్లు చేసే కోణం ఏకాంతరాలు, కాబట్టి సమానం. ఊళ్ల మధ్య దూరం 5,000 స్టేడియాలు, కాబట్టి చుట్టుకొలత 2,50,000 స్టేడియాలు. ఎవరూ వెళ్లలేని భూకేంద్రం దగ్గరి కోణాన్ని ఆయన ఆరుబయట కర్ర దగ్గర కొలిచాడు.

ఇది మనమూ చేయవచ్చు. హైదరాబాదులో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి మధ్యాహ్నం నిలువు కర్రకు నీడ మాయమవుతుంది. ఢిల్లీ ఇంచుమించు అదే రేఖాంశం మీద, ఉత్తరాన ఉంది. ఆ రోజు ఢిల్లీలో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వచ్చిన వేళ, మీటరు పొడవు కర్రకు సుమారు 20 సెంటీమీటర్ల నీడ పడాలి. అంటే 11 డిగ్రీల పైచిలుకు, వృత్తంలో దాదాపు 32వ వంతు. రెండు నగరాల మధ్య దూరం సుమారు 1,250 కిలోమీటర్లు. 32తో గుణిస్తే 40,000. అక్కడొక బంధువు, ఇక్కడొక బడి పిల్లాడు, మధ్యలో ఒక ఫోన్ కాల్ ఉంటే చాలు. లెక్క మధ్యలో 29వ సిద్ధాంతం ఉంటుంది.

ఐదో స్వీకృతాన్ని మిగతావాటి నుంచి రుజువు చేయాలని టాలమీ, ప్రోక్లస్, ఒమర్ ఖయ్యాం, నసీరుద్దీన్ తూసీ వంటి ఉద్దండులు ప్రయత్నించారు. 1733లో ఇటలీకి చెందిన సాకేరి, యూక్లిడ్‌లోని మచ్చల్ని తుడిచేశానని పుస్తకమే వేశాడు. చివరికి 1829లో లొబచెవ్‌స్కీ, 1832లో యానోష్ బోయాయి వేర్వేరుగా, ఆ స్వీకృతం చెల్లని జ్యామితిని నిర్మించి ప్రచురించారు. 1868లో బెల్‌ట్రామీ దానికి నమూనా చూపించాడు. ఐదో స్వీకృతం మిగతావాటి నుంచి రాదని దాంతో తేలిపోయింది. దాన్ని రుజువు చేయకుండా అడిగి పుచ్చుకోవడంలో యూక్లిడ్ రెండు వేల ఏళ్ల పాటు అందరికన్నా సరిగ్గా ఉన్నాడు.

ఆ కొత్త జ్యామితిలో మొదటి పుస్తకాన్ని తెరిచి చూస్తే 1 నుంచి 28 దాకా ఒక్క సిద్ధాంతం కూడా చెదరదు. శీర్షాభిముఖ కోణాలు అక్కడా సమానమే. ఏకాంతర కోణాలు సమానమైతే రేఖలు అక్కడా కలవవు. 29 పడిపోతుంది. ఒకే రేఖకు సమాంతరాలైన రెండు రేఖలు తమలో తాము సమాంతరాలనే 30 పడిపోతుంది. 32 పడిపోతుంది, అక్కడ త్రిభుజ కోణాల మొత్తం రెండు లంబకోణాల కన్నా తక్కువ. మధ్యలో 31 ఒక్కటే నిలబడుతుంది. బిందువు గుండా సమాంతర రేఖను గీసి చూపించే ఆ నిర్మాణానికి 27 చాలు, ఐదో స్వీకృతంతో పని లేదు. మరి దాన్ని 28 పక్కనే పెట్టకుండా 29 తర్వాతి దాకా ఎందుకు ఆపాడు? నాకు తోచే కారణం ఒకటే. 29కి ముందు గీస్తే ఒక సమాంతర రేఖ ఉందని మాత్రమే తెలుస్తుంది. 29 తర్వాత గీస్తే, ఆ బిందువు గుండా అలాంటి రేఖ అదొక్కటేనని కూడా తెలుస్తుంది.